దూకడానికి ముందు పది నిమిషాలు

ఆటలంటే మొహం తిప్పుకునేవాళ్ళకు కూడా 'వార్మప్' అనే మాట తెలుసు. బడిలో డ్రిల్ పీరియడ్ మొదలవగానే పీఈటీ సారు ఈల ఊది "చేతులు పైకి, కిందికి, వంగు, లే" అని కాసేపు చేయించేవారే, అదే. ఎందుకు చేయాలో ఆయన చెప్పలేదు, మనం అడగలేదు. తరవాత కాలేజీకి వచ్చి, కండరం గురించి ఇరవై పేజీల నోట్సు రాసుకుని, పరీక్షలో దాని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నా, ఆ బొమ్మకూ ఆ ఈలకూ సంబంధం ఏమిటో మనలో చాలామందికి తట్టదు. ఆ సంబంధం నాకు తెలిసినంతలో చెబుదామనే ఈ నాలుగు పేజీలు.

ఇదేదో కప్పులు గెలిచేవాళ్ళ గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. నేను మల్కాజ్‌గిరిలో ఉంటాను. ఆనంద్‌బాగ్ నుంచి నేరేడ్‌మెట్ దాకా, ఇటు మౌలాలి దాకా, తెల్లవారకముందే షూ లేసులు బిగించుకుని బయల్దేరే కుర్రవాళ్ళలో ఆట కోసం వెళ్ళేవాళ్ళు కొందరే. ఎక్కువమంది ఉరికేది ఉద్యోగం కోసం. కానిస్టేబులు, ఎస్సై, సైన్యం, రైల్వే రక్షక దళం - ఈ కొలువులన్నిటికీ పుస్తకం ఒక వాకిలైతే కాళ్ళు రెండో వాకిలి. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్ళకు పెట్టిన కొలతలు ఇవి: 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్‌జంప్ 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి. ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. సైన్యం ర్యాలీలోనైతే 9 అడుగుల గుంత ఒకటి దాటాలి.

ఆ పట్టికలో 3 మీటర్ల 97 సెంటీమీటర్లు దూకినవాడికీ అసలు దూకనివాడికీ తేడా లేదు. రెండేళ్ళు కోచింగు సెంటర్ల చుట్టూ తిరిగి, అశోక్‌నగర్ లైబ్రరీల్లో కూర్చుని, ఇంట్లో పోరు పడి తెచ్చుకున్న మార్కులు మూడు సెంటీమీటర్ల ఇసుక ముందు ఆగిపోవచ్చు. నాలుగు మీటర్లలో ఒక్క శాతం అంటే నాలుగు సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ళ వెడల్పు. ఈ వ్యాసంలో రెండు శాతం, మూడు శాతం అని నేను పదే పదే అంటున్నప్పుడు ఆ రెండు వేళ్ళ వెడల్పును గుర్తుంచుకోవాలని మనవి.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. బలం వేరు, పవర్ వేరు. చెడిపోయిన ఆటోను నలుగురు కలిసి మెల్లగా నెట్టుకుపోవడం బలం. కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు మీదికి ఎగరడం పవర్ (రెండోది చేయమని నేను సలహా ఇవ్వడం లేదు). బలాన్ని వేగంతో హెచ్చవేస్తే వచ్చేది పవర్. తెలుగులో దీనికి సరయిన మాట నాకు దొరకలేదు. 'సత్తువ' దగ్గరగా ఉంటుంది గాని, దానిలో వడి లేదు.

దూకడంలో ఈ వడిదే పెత్తనం. నిలుచున్నచోట నుంచి 40 సెంటీమీటర్లు పైకి ఎగిరే యువకుడు నేలను వదిలే క్షణంలో సెకనుకు 2.8 మీటర్ల వేగంతో ఉంటాడు. మోకాళ్ళు వంచిన చోటు నుంచి ఆ వేగం తెచ్చుకోవడానికి అతనికి సెకనులో మూడో వంతు కూడా దొరకదు. పరుగెత్తుకొచ్చి లాంగ్‌జంప్ చేసేవాడికి ఇంకా కష్టం. పలక మీద పాదం ఆనేది సెకనులో సుమారు ఎనిమిదో వంతు మాత్రమే. ఎంత బలం ఉన్నా ఆ రెప్పపాటులో బయటికి రాకపోతే లేనట్టే. పైగా ఎగిరే ఎత్తు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనక, వేగం ఒక్క శాతం పెరిగితే ఎత్తు రెండు శాతం పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సు మరవనివాళ్ళు లెక్క వేసుకోవచ్చు.

ఇలాంటి కాళ్ళు మన పక్కనే పుట్టాయని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వం కూడా. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత వాలీబాల్ జట్టు ఆటగాడు పి.వి.రమణ మన రైల్వే ఉద్యోగి. ఆయన కూతురు సింధు బాడ్మింటన్ తొలి పాఠాలు నేర్చుకున్నది సికింద్రాబాద్ రైల్వే సిగ్నల్ ఇన్‌స్టిట్యూట్ కోర్టులో. మల్కాజ్‌గిరి స్టేషను నుంచి అదెంతో దూరం కాదు. 2.43 మీటర్ల ఎత్తున కట్టిన వల మీదుగా బంతి కొట్టడమన్నా, వెనక్కి ఎగిరి స్మాష్ కొట్టడమన్నా అంతా ఆ రెప్పపాటు వ్యవహారమే.

ఇక అసలు విషయం. మన ఒంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. అది గుండె, కాలేయం, మెదడు ఉండే లోపలి ఒంటి లెక్క. తొడ కండరం వేరు. కదలకుండా కూర్చున్నవాడి తొడలో ఉష్ణోగ్రత 33, 35 డిగ్రీల మధ్య తచ్చాడుతుంది. డిసెంబరు నెలలో తెల్లవారుజామున, బైకు మీద చలిగాలి కొట్టుకుంటూ మైదానానికి వచ్చినవాడి కాళ్ళు ఇంకా చల్లబడి ఉంటాయి. 2022 నియామకాల దేహదారుఢ్య పరీక్షలు మొదలయింది డిసెంబరులోనే అన్నది ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి.

చల్లని కండరంలో ఏం జరుగుతుంది? కండరం పనిచేయడమంటే దాని లోపలి రెండు రకాల మాంసకృత్తుల పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని లాగి, వదిలి, మళ్ళీ పట్టుకోవడం. తాడు లాగే పోటీలో చేతులు మార్చుకుంటూ లాగినట్టు. పట్టు ఎంత గట్టిది అనేది ఒక సంగతి, ఎంత తొందరగా వదిలి మళ్ళీ పట్టుకుంటుంది అనేది ఇంకో సంగతి. ఈ వదలడం, పట్టడం రసాయన క్రియలు. రసాయన క్రియలు వేడికి వేగం పుంజుకుంటాయి. పట్టు గట్టితనం మాత్రం మామూలు హద్దుల్లో వేడితో అంతగా మారదు. అందుకే చలిలో కూడా మనిషి బరువు ఎత్తగలడు, బండి నెట్టగలడు, దూకమంటేనే తేలిపోతాడు. నరాల్లో సంకేతం నడిచే వేగం కూడా డిగ్రీకి సెకనుకు ఒకటిన్నర, రెండు మీటర్ల చొప్పున పెరుగుతుంది. కాని నరం అప్పటికే సెకనుకు 50 మీటర్లకు పైగా పరుగెడుతోంది గనక ఈ లాభం చిన్నదే. అసలు లాభమంతా కండరం లోపలే.

మరి ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కండరం నుంచే. తిన్నదాన్ని ఖర్చుపెట్టి కండరం చేసే పనిలో సుమారు నాలుగో వంతే కదలికగా బయటికి వస్తుంది, మిగతాది వేడిగా మారుతుంది. కండరంలో వేడి పుట్టే తీరును కొలిచినందుకే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఎ.వి.హిల్ 1922 నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. ఇంజనీర్లు నష్టం కింద రాసే ఆ మూడు వంతుల వేడే మనకు వార్మప్‌లో పెట్టుబడి. నెమ్మదిగా పరుగు మొదలుపెట్టిన మూడు నుంచి అయిదు నిమిషాల్లో తొడ కండరం గబగబా వేడెక్కుతుంది. పది, ఇరవై నిమిషాల మధ్య ఒక మట్టానికి చేరి నిలుస్తుంది. ఆ తరవాత ఇంకా పరుగెత్తితే పెరిగేది అలసటే.

ఇదంతా నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1945లోనే కోపెన్‌హాగెన్‌లో అస్ముసెన్, బోయె అనే ఇద్దరు, ఒళ్ళు వేడెక్కినవాడు సైకిలు మీద అదే పనిని తక్కువ సమయంలో ముగిస్తాడని చూపించారు. అయితే అంత సులభంగా తేలిపోలేదు. 1956లో అమెరికాలో కార్పొవిచ్, హేల్ అనేవాళ్ళు పరుగువీరులను పరీక్షించి వార్మప్ వల్ల లాభం కనపడలేదన్నారు. మనిషికి తెలియకుండా అతని చేత వార్మప్ చేయించడం ఎలాగ? మందు బదులు పంచదార బిళ్ళ ఇచ్చినట్టు ఇక్కడ కుదరదు గదా. ఈ చిక్కు తీర్చడానికి 1961లో మాసీ, జాన్సన్, క్రేమర్ అనే ముగ్గురు, యువకులను హిప్నటైజ్ చేసి, వార్మప్ చేశారో లేదో వాళ్ళకే గుర్తు లేకుండా చేసి సైకిలు తొక్కించారు. తేడా కనపడలేదట! ఈ కథ చదివినప్పుడు నేను నవ్వుకున్నాను గాని, ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఆ రోజుల తగాదాల్లో లోపించింది ఒక్కటే - థర్మామీటరు. ఏదో కాసేపు కాళ్ళూ చేతులూ ఆడించినంత మాత్రాన కండరం వేడెక్కిందని నమ్మకం ఏమిటి?

ఆ థర్మామీటరును సూదిగా మార్చి తొడ కండరంలోనే గుచ్చి చూశారు స్వీడన్‌కు చెందిన బెర్గ్, ఎక్‌బ్లోమ్, 1979లో. కండరం ఉష్ణోగ్రతను 30 నుంచి 39 డిగ్రీల దాకా మారుస్తూ దూకించారు, సైకిలు మీద స్ప్రింటు చేయించారు. డిగ్రీ పెరిగినకొద్దీ 4 నుంచి 6 శాతం మేర పనితనం పెరిగింది. 1987లో సార్జెంట్ అనే పరిశోధకుడు కాళ్ళను 45 నిమిషాలు నీళ్ళలో ఉంచి తరవాత 20 సెకన్లు సైకిలు తొక్కించాడు. 44 డిగ్రీల వేణ్ణీళ్ళలో ఉంచితే పవర్ 11 శాతం పెరిగింది, 18 డిగ్రీల నీళ్ళలో 12 శాతం తగ్గింది, 12 డిగ్రీల నీళ్ళలో 21 శాతం పడిపోయింది. కష్టపడకుండా ఊరికే నీళ్ళలో కూర్చున్నా ఫలితం మారిందంటే, వేడిదే కీలకమని తేలినట్టే. 2010లో ఫ్రాడ్కిన్, ఆమె సహచరులు 32 పరిశోధనలను ఒకచోట చేర్చి చూస్తే, కొలిచిన అంశాల్లో 79 శాతం వార్మప్ తరవాత మెరుగయ్యాయి. మిగిలిన 21 శాతాన్ని మరచిపోకూడదు. వార్మప్ పేరుతో ఏం చేసినా మేలే అని దాని అర్థం కాదు.

ఒక మనవి. పవర్ 5 శాతం పెరిగితే లాంగ్‌జంప్ కూడా 5 శాతం పెరుగుతుందని లెక్క వేయకండి. లాంగ్‌జంప్‌లో పరుగు వేగం, పలక మీద అడుగు, గాలిలో ఒంటి తీరు, ఇసుకలో కాళ్ళు చాపడం అన్నీ ఉంటాయి. కాళ్ళ పవర్ వాటిలో ఒకటి. కాని నెలల తరబడి సాధన చేస్తేగాని మిగతావి మారవు. ఇదొక్కటి మాత్రం అదే రోజు పొద్దున పది నిమిషాల్లో మారుతుంది.

ఇప్పుడు మా మైదానాల్లో జరిగేది చెప్పాలి. కుర్రవాళ్ళు రాగానే చేసేది సాగదీసుడు. గోడకు చెయ్యి ఆనించి ఒక కాలు వెనక్కి మడిచి పట్టుకుంటారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు అలాగే. తరవాత కూర్చుని కాళ్ళు చాపి వేళ్ళు అందుకుంటారు. మళ్ళీ రెండు నిమిషాలు. "అన్నా, ఒళ్ళు మంచిగ సాగింది, ఇగ దూకుత" అని లేస్తారు. ఒళ్ళు సాగింది నిజమే. వెచ్చబడలేదు. కదలకుండా పట్టుకుని కూర్చుంటే వేడి పుట్టదు గదా!

పైగా కొంచెం నష్టం కూడా ఉంది. పిక్క కండరాన్ని మడమకు కట్టే స్నాయువు రబ్బరు పట్టీ లాంటిది, దూకే ముందు సాగి, వెంటనే బిగిసి శక్తిని తిరిగి ఇస్తుంది. దాన్నీ కండరాన్నీ చాలాసేపు సాగదీసి ఉంచితే ఆ బిగువు కాసేపు సడలుతుంది. వెన్నుపాము నుంచి కండరానికి వచ్చే ఆజ్ఞ కూడా కాసేపు మందగిస్తుంది. 2016లో బెహ్మ్, ఆయన సహచరులు ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కూడి చూస్తే, కదలకుండా సాగదీసిన వెంటనే చేసిన పనుల్లో సగటున 3.7 శాతం తగ్గుదల కనిపించింది. కదులుతూ, కాలు ఊపుతూ సాగదీస్తే 1.3 శాతం పెరుగుదల. ఒక్కో కండరాన్ని నిమిషం కన్నా తక్కువసేపు సాగదీస్తే నష్టం 1.1 శాతమే. నిమిషం దాటితే 4.6 శాతం.

ఈ అంకెలు చూసి సాగదీయడమే పాపమని ప్రచారం చేసేవాళ్ళు కూడా బయల్దేరారు. అదీ అతే. సాగదీసిన తరవాత అయిదు పది నిమిషాలు చురుకుగా కదిలితే ఆ నష్టం చాలావరకు పోతుంది. ఒంటికి మెత్తదనం కావాలంటే సాగదీయాల్సిందే, ఖోఖో ఆడేవాళ్ళకు, కబడ్డీలో కాలు చాపి గీత అందుకునేవాళ్ళకు అది అవసరం. సాయంత్రం సాధన అయిపోయాక తీరిగ్గా చేసుకోవచ్చు. దూకబోయే ముందు మాత్రం వద్దు. మన తాలింఖానాల్లో పాత ఉస్తాదులు కుస్తీకి ముందు దండీలు, బస్కీలు తీయించేవారు గాని గోడ పట్టుకుని నిలబడమనలేదు. సూదుల థర్మామీటర్లు లేకపోయినా వాళ్ళకు చెమట భాష తెలుసు.

నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అది వరస. వేలమంది వచ్చే పరీక్షలో వరస తప్పదు. పరుగు అయ్యాక ఎత్తు కొలతలు, వాటి తరవాత లాంగ్‌జంప్. ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్ళి, నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. పొద్దున ఎంత చక్కగా వార్మప్ చేసినా, కూర్చున్న పావుగంట, ఇరవై నిమిషాల్లో కండరం చాలావరకు చల్లారిపోతుంది. పొయ్యి మీద నుంచి దింపిన టీ గిన్నె లాగే. డెన్మార్కులో మోర్, ఆయన సహచరులు 2004లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళను పరీక్షించారు. హాఫ్‌టైములో ఊరికే కూర్చున్నవాళ్ళకు తొడ కండరం ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు పడిపోయింది, రెండో సగం మొదట్లో స్ప్రింటు 2.4 శాతం మందగించింది. హాఫ్‌టైములో కొద్దిసేపు మెల్లగా కదిలినవాళ్ళకు పడిపోలేదు. 2013లో ఈతగాళ్ళ మీద చేసిన పరీక్షలో, వార్మప్ అయిన 20 నిమిషాలకు పోటీ పడినప్పుడు 200 మీటర్ల ఈత, 45 నిమిషాలకు పడినప్పటి కన్నా 1.5 శాతం తొందరగా ముగిసింది. అదే ఏడాది ఇంకొకరు, వార్మప్ అయ్యాక అరగంట సేపు సైకిలిస్టుల కాళ్ళకు కరెంటుతో వేడయ్యే ప్యాంట్లు తొడిగి చూశారు. మామూలు ట్రాక్‌సూట్ వేసుకున్నప్పటి కన్నా పవర్ సుమారు 9 శాతం ఎక్కువ వచ్చింది.

మనకు కరెంటు ప్యాంట్లు అక్కర్లేదు. ఇంట్లో పాత ఉన్ని శాలువ ఉంటుంది, దాన్ని తొడల మీద కప్పుకుంటే చాలు. ట్రాక్ ప్యాంటు పిలుపు వచ్చేదాకా విప్పకూడదు. తడి నేల మీద చతికిలబడకూడదు. అయిదు నిమిషాలకోసారి లేచి అక్కడక్కడే నడవాలి, ముని వేళ్ళ మీద లేవాలి, నాలుగు బస్కీలు తీయాలి. తన ముందు అయిదారుగురు ఉన్నారనగా అక్కడికక్కడే జాగింగు మొదలుపెట్టాలి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీయండి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచిన మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని పోటీ పడింది హెప్టథ్లాన్‌లో. రెండు రోజుల్లో ఏడు అంశాలు. ఒకటి అయి ఇంకొకటి మొదలయ్యే లోపల ప్రతిసారీ చల్లబడటం, ప్రతిసారీ మళ్ళీ రాజేసుకోవడం. ఆ ఆటలో ఇది కూడా ఒక విద్య.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మా వైపు మైదానాల్లో పొద్దున్నే సాధనకు వచ్చే అమ్మాయిలు పెరిగారు, సంతోషమే. కాని వాళ్ళు పరుగు ముగించగానే ఒక మూలకు వెళ్ళి కూర్చుంటారు. నలుగురి మధ్య నిలబడి మోకాళ్ళు ఎగరేస్తూ వార్మప్ చేయాలంటే గోడ మీద కూర్చున్నవాళ్ళ కళ్ళు అడ్డం. కండరానికి ఆడా మగా తేడా తెలియదు, కూర్చుంటే ఇద్దరికీ ఒకేలా చల్లారుతుంది. అందుకు తగ్గట్టు మైదానంలో కాస్త చోటు విడిచిపెట్టడం మగపిల్లలుగా మనం చేయగల పని. ఇది శాస్త్రం కాదు, మర్యాద.

పొద్దున, సాయంత్రం తేడా కూడా ఉంది. ఒంటి ఉష్ణోగ్రత తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ. దూకే పవర్ కూడా పొద్దున తక్కువగా ఉంటుందని చల్లని దేశాల పరిశోధనలన్నీ చెబుతాయి. అయితే రసినే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు వెచ్చదనంలో గడిపినవాళ్ళకు ఈ తేడా చాలావరకు చెరిగిపోతుందని 2005లో చూపించారు. అంటే పొద్దున పరీక్ష ఉన్నవాడు సాయంత్రం కాళ్ళను అరువు తెచ్చుకోవచ్చు, వేడి చేసుకుంటే సరి. స్నానం వేణ్ణీళ్ళతో చేసినా మేలే గాని, ఆ వేడి బైకు మీద నాలుగు కిలోమీటర్లు వచ్చేసరికి గాలికి పోతుంది. ఎండాకాలం కథ వేరు. మే నెలలో హైదరాబాదులో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు కండరం రెండు మూడు నిమిషాల్లోనే సిద్ధమవుతుంది. దూకడానికి అది మంచిదే, 1600 మీటర్ల పరుగుకు మాత్రం కాదు. పరుగుకు ముందే ఒళ్ళంతా వేడి నింపుకుంటే మధ్యలో చేతులెత్తేస్తాం. ఎండాకాలంలో వార్మప్ కురచగా, నీడలో, నీళ్ళు తాగి చేసుకోవాలి.

ఎక్కువ చేస్తే ఏమవుతుందో 2011లో కెనడాలో తొమారస్, మాకింతోష్ చూశారు. ట్రాక్ సైకిలిస్టులు అలవాటుగా చేసే సుమారు 50 నిమిషాల వార్మప్ బదులు 15 నిమిషాలది చేయిస్తే వాళ్ళ పవర్ పెరిగింది. పెద్ద వార్మప్ వాళ్ళను పోటీకి ముందే అలసిపోయేలా చేస్తోందన్నమాట. మన కుర్రవాళ్ళలో కొందరు పరీక్ష రోజు పొద్దున నాలుగు గంటలకు లేచి రెండు కిలోమీటర్లు ఉరికి, ఇరవై సార్లు దూకి, "ఫుల్ గ వార్మప్ అయిన అన్నా" అంటారు. అయ్యింది వార్మప్ కాదు, ఆ రోజు కోటా.

మరి ఏం చేయాలి? పరీక్ష ముందు నాలుగయిదు నిమిషాలు మెల్లగా పరుగెత్తాలి, నుదుట సన్నగా చెమట పట్టేదాకా. మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, ఆయాసం రాకూడదు. తరవాత ఇరవై మీటర్ల దూరం మోకాళ్ళు నడుము ఎత్తుకు లేపుతూ ఒకసారి, మడమ పిరుదుకు తగిలేట్టు ఒకసారి, పెద్ద అంగలు వేసి మోకాలు వంచుతూ ఒకసారి. గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకూ వెనక్కూ పది పన్నెండు సార్లు ఊపాలి. ఆపి పట్టుకోవద్దు. ఆ తరవాత ముప్పయి మీటర్ల పరుగులు మూడు, ఒకదాని కన్నా ఒకటి వేగంగా. చివర రెండు మూడు దూకుళ్ళు, సగం బలంతో ఒకటి, పూర్తి బలానికి కాస్త తక్కువగా ఇంకొకటి. ఇక్కడికి పది, పన్నెండు నిమిషాలవుతుంది. తరవాత మూడు నుంచి అయిదు నిమిషాలు శ్వాస సర్దుకోనిచ్చి అసలు దూకు. 1600 మీటర్లు పరుగెత్తి వచ్చినవాడికి వేడి ఉంటుంది, అలసట కూడా ఉంటుంది. అతను మళ్ళీ పరుగెత్తకుండా, మెల్లగా నడుస్తూ అలసట తీరనిచ్చి, వేడి మాత్రం పోకుండా కాపాడుకోవాలి. తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం కూడా చల్లని కాళ్ళతో ఒక్కసారిగా ఉరికేవాళ్ళకే ఎక్కువని మా పీడీ గారు హెచ్చరిస్తుంటారు. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల మీద 2008లో జరిగిన పెద్ద పరీక్షలో, క్రమపద్ధతిలో 20 నిమిషాల వార్మప్ చేసిన జట్లకు దెబ్బలు తగ్గాయి. అయితే దానిలో బలం, తూకం పెంచే వ్యాయామాలు కూడా ఉన్నాయి గనక పుణ్యమంతా వేడికే కట్టబెట్టలేం.

నా మాటే వేదమని నమ్మనక్కర్లేదు. మీరే తేల్చుకోవడానికి ఒక సుద్దముక్క, ఒక గోడ, ఒక టేపు చాలు. అమెరికా వ్యాయామ శాస్త్రజ్ఞుడు డడ్లీ సార్జెంట్ 1921లో ప్రకటించిన పరీక్ష ఇది (పైన నీళ్ళ తొట్టి పరీక్ష చేసిన సార్జెంట్ వేరు, ఈయన వేరు). వేళ్ళకు సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన పాదాలు నేలకు ఆనించి నిలబడి, చెయ్యి చాపి అందినంత ఎత్తున ఒక గుర్తు పెట్టండి. అక్కడే మోకాళ్ళు వంచి ఎగిరి ఇంకో గుర్తు పెట్టండి. రెంటి మధ్య దూరం మీ ఎత్తు. నిమిషం నిమిషం విరామంతో మూడు సార్లు ఎగిరి, అన్నిటికన్నా పెద్దది రాసుకోండి. ఒక రోజు పొద్దున మైదానానికి రాగానే ఏమీ చేయకుండా కొలవండి. ఇంకో రోజు రెండేసి నిమిషాలు కదలకుండా సాగదీసి కొలవండి. మూడో రోజు పైన చెప్పిన పది నిమిషాలు చేసి కొలవండి. నాలుగో రోజు అదే పది నిమిషాలు చేసి, అరగంట చెట్టు కింద కూర్చుని కొలవండి. వేళ మారకూడదు, షూ మారకూడదు, ముందురోజు ఒళ్ళు హూనం చేసుకోకూడదు. ఒక్కసారికి రెండు సెంటీమీటర్ల తేడా ఊరికే కూడా రావచ్చు కనక, ఈ నాలుగూ వరస మార్చి రెండు మూడు వారాలు చేయండి. పది మంది కలిసి చేస్తే ఇంకా మంచిది. ఒకరు ఎగిరితే ఒకరు కొలవాలి, ఎగిరినవాడికి తన పాత అంకె చెప్పకూడదు. వచ్చిన అంకెలను ఒక నోట్‌బుక్కులో రాసి, జువాలజీ లేబులో కండరం బొమ్మ ఉన్న పేజీ పక్కన పెట్టుకుని చూడండి.